బంగారం అయిపోలేదు: ఇంట్లో నడిచే ఒక అర లీటరు గోల్డ్ బాత్ కేసు

ఈ కేసు రాసుకోవడానికి ఆ పెద్దాయన ఒప్పుకున్నారు. ఆయన పేరు, ఉండే కాలనీ, సొల్యూషన్ అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ ఉండవు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఇంట్లో సరదాకు గోల్డ్ ప్లేటింగ్ చేసుకునేవాళ్ళు ఈమధ్య పెరుగుతున్నారు. తులం లక్ష దాటిన రోజుల్లో సీసాలో ఉన్నదాన్ని ఎలా కాపాడుకోవాలో తెలియక వాళ్ళు నష్టపోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు ప్లేటింగ్ షాపులకు బాత్‌లు, అంటే పూత పెట్టే లోహం కరిగి ఉన్న సొల్యూషన్లు, చూసిపెడతాను. ఏ ట్యాంకులో ఏం తగ్గింది, ఏం చేరకూడనిది చేరింది, ఎప్పుడు వడగట్టాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది చెప్పడమే నా పని. ఇళ్ళలో చేసుకునేవాళ్ళు నా దాకా రావడం అరుదు. ఈయన నాకు తెలిసిన ఒక షాపు యజమాని ద్వారా వచ్చారు.

ఆయన ఉద్యోగం నుంచి రిటైరై కొన్నేళ్ళయింది. పాత ఫౌంటెన్ పెన్నులంటే ప్రాణం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద తిరిగి, గీతలు పడ్డ ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు తెచ్చి బాగుచేస్తారు. పెన్ను ఒళ్ళు బాగానే వస్తుంది. క్లిప్పు, క్యాప్ రింగు మాత్రం పూత పోయి ఇత్తడి తేలి ఉంటాయి. వాటికి మళ్ళీ బంగారు పూత పెట్టుకోవాలన్న కోరికతో సయనైడ్ లేని సల్ఫైట్ గోల్డ్ సొల్యూషన్ అర లీటరు కొన్నారు. లీటరుకు 8 గ్రాముల బంగారం, అంటే సీసాలో 4 గ్రాములు. యానోడ్, అంటే కరెంటు ప్లస్ వైపు కలిపేది, ప్లాటినం పూత ఉన్న టైటానియం మెష్. చిన్న డీసీ పవర్ సప్లై కోఠి గుజరాతీ గల్లీలో కొన్నారు. బీకరు, హాట్‌ప్లేటు, తిప్పడానికి మాగ్నెటిక్ స్టిరర్. అన్నీ సరైనవే. యానోడ్ స్టీలు కాకపోవడం చూసి నాకు సంతోషం వేసింది, ఎందుకంటే చాలామంది అక్కడే పొదుపు చేసి బాత్‌లోకి ఇనుము, నికెల్ దింపుకుంటారు.

మొదటి నాలుగు నెలలు పూత పసుపుపచ్చగా, నిగనిగలాడుతూ వచ్చింది.

వచ్చిన సమస్య

ఐదో నెల నుంచి పూతకు ఎరుపు జీర రావడం మొదలైంది. ఆరో నెలకు క్లిప్పు చివర గోధుమరంగు పొడి పట్టడం, గుడ్డతో తుడిస్తే ఊడిపోవడం. ఏడో నెలలో నాకు ఫోన్ చేశారు.

"బాబూ, బంగారం అయిపోయినట్టుంది. ఇంకో గ్రాము పొయ్యమంటావా?"

"అప్పుడే ఏమీ పోయకండి సార్. నేను వచ్చి చూసేదాకా అసలు మూత తియ్యకండి" అన్నాను.

పూత పాడైతే బంగారం అయిపోయిందనుకోవడం సహజం. బాత్ పేరే గోల్డ్ బాత్ కదా. నా అనుభవంలో మాత్రం చిన్న బాత్‌లలో చివరగా తగ్గేది బంగారమే. దాన్ని పట్టి ఉంచేవి ముందు తగ్గుతాయి, దానికి పడనివి ముందు చేరతాయి. అవి రెండూ కంటికి కనిపించవు కాబట్టి జనం బంగారం పోస్తూ పోతారు.

నేను వెళ్ళేలోపే జరిగినవి

వెళ్ళాక అడిగితే ఒక్కొక్కటీ చెప్పారు. నేను వచ్చేదాకా ఆగమని చెప్పినా, అంతకుముందే మూడు పనులు అయిపోయాయి.

ఒకటి, రెండు విడతలుగా రీప్లెనిషర్, అంటే తగ్గిన బంగారం నింపే చిక్కటి సొల్యూషన్, 20 మిల్లీలీటర్లు కలిపారు. దాని మీద లీటరుకు 50 గ్రాముల బంగారం అని ఉంది. అంటే గ్రాము బంగారం అదనంగా పోసేశారు. రంగు రవ్వంత కూడా మారలేదు. ఇది డబ్బు నష్టమే అయినా నాకు మంచి ఆధారం. గ్రాము పోసినా తేడా లేదంటే బాత్‌కు కావలసింది బంగారం కాదు.

రెండు, పూత నెమ్మదిగా పడుతోందని కరెంటు 25 మిల్లీయాంపియర్ల నుంచి 60కి పెంచారు. క్లిప్పు చివర మాడింది, అంటే పూతకు బదులు గోధుమరంగు పొడి పట్టింది. ముందు నుంచీ మాడేదే, ఇంకాస్త మాడింది.

మూడోది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఎక్కడో చూసిన ఒక కాగితంలో గోల్డ్ బాత్ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, తగ్గేకొద్దీ ఆసిడ్ ఎక్కువ) 4 ఉండాలని రాసి ఉందట. ఈయన బాత్ 8 దగ్గర చూపిస్తోంది. దాన్ని దించడానికి వంటింట్లో ఉన్న నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) నీళ్ళలో కలిపి, 20 మిల్లీలీటర్ల సొల్యూషన్ విడిగా గాజు కప్పులో తీసుకుని చుక్కలు వేశారు. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వాసన వచ్చింది. కప్పు మబ్బు పట్టి, కాసేపటికి నల్లబడింది. భయపడి ఆపేశారు.

పీహెచ్ 4 అన్నది అబద్ధం కాదు. అది వేరే బాత్ లెక్క. సిట్రేట్ కలిసిన ఆసిడ్ గోల్డ్ బాత్‌లు 4 దగ్గరే నడుస్తాయి. సల్ఫైట్ బాత్‌లో ఆసిడ్ పడితే సల్ఫైట్ కాస్తా సల్ఫర్ డయాక్సైడ్ గ్యాసై పోతుంది. బంగారాన్ని కరిగించి పట్టుకున్నదే సల్ఫైట్. అది పోగానే బంగారం నల్లటి పొడిగా అడుగుకు దిగుతుంది. ఆ కప్పు నలుపంతా బంగారమే. పారబోయకుండా దాచినందుకు, అసలు బాత్‌లో కాకుండా విడిగా కప్పులో చేసి చూసినందుకు ఆయన్ని మనసారా మెచ్చుకున్నాను. ఏ మార్పైనా ముందు చిన్న కప్పులో చేసి చూడాలన్న ఆ ఒక్క అలవాటు మిగతా సీసాను కాపాడింది.

నేను వేసిన తప్పటడుగు

ఇప్పుడు నా వంతు. క్లిప్పులు బల్ల మీద పోసి చూపించారు. పూత మెరుపు లేకుండా, మసకగా ఉంది. ఆ బల్ల మీదే పాలిష్ చేసే చక్రం, దాని పక్కన ఎర్ర పాలిష్ సబ్బు ముద్ద. పాలిష్ మైనం సరిగ్గా కడగకుండా బాత్‌లోకి వెళ్తోందని, అందుకే మసక వస్తోందని అనుకున్నాను. షాపుల్లో ఇది రోజూ చూసే సంగతి. మందు కూడా రోజూ వాడేదే, మైనం లాంటి మలినాలను పీల్చుకునే బొగ్గు పొడి, యాక్టివేటెడ్ కార్బన్.

బాత్ ఇంటికి తెచ్చుకుని గ్రామున్నర కార్బన్ కలిపి, అరగంట తిప్పి, రెండు మడతల ఫిల్టర్ పేపర్‌లో వడగట్టాను. మసక కొద్దిగా తగ్గింది. ఎరుపు తగ్గలేదు, మాడడం తగ్గలేదు. పైగా తడి కార్బన్ పది మిల్లీలీటర్ల దాకా సొల్యూషన్ పట్టుకుని కూర్చుంది. అంటే 80 మిల్లీగ్రాముల బంగారం అందులో ఉండిపోయింది. ఆరబెట్టి డబ్బాలో దాచాం కాబట్టి పూర్తిగా పోలేదు. వడగట్టేటప్పుడు బాత్‌కు గాలి తగిలి, అసలే తగ్గిన సల్ఫైట్ ఇంకాస్త తగ్గి ఉంటుంది.

వందల లీటర్ల ట్యాంకులో అలవాటైన చెయ్యి అర లీటరు బీకరులోనూ అదే పని చేసేసింది. ట్యాంకులో పది మిల్లీలీటర్లు లెక్కలోకి రావు. ఇక్కడ వస్తాయి. పరీక్ష చేయకుండా మందు వేయడం నా తప్పు, ఆయన గ్రాము బంగారం పోయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఒకే క్లిప్పు మీద రెండు చోట్ల రెండు రోగాలు

రెండో రోజు ఒక క్లిప్పును భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూశాను. చివర గుండ్రటి బంతి ఉంది. దాని మీద గోధుమరంగు పొడి. క్లిప్పు వెనకవైపు, అంటే పెన్ను ఒంటికి ఆనుకునే లోపలి మడతలో, పొడి లేదు. అక్కడ పూత నున్నగానే ఉంది, కానీ రాగి చెంబు రంగులో ఉంది. మధ్యలో, వెడల్పు భాగంలో, దాదాపు మామూలు పసుపు.

అప్పుడు అర్థమైంది. ప్లేటింగ్‌లో కరెంటు అన్నిచోట్లా సమంగా పడదు. మొనలకు ఎక్కువ, మడతల్లోకి తక్కువ. మొన మీద మాడిందంటే, అక్కడ అడిగినంత వేగంగా బంగారం అందడం లేదు. బంగారమన్నా తక్కువ ఉండాలి, లేదా దాన్ని పట్టి ఉంచే రసాయనం, వేడి, కలపడం వీటిలో ఏదో లోపించాలి. మడతలో ఎరుపంటే వేరే కథ. బాత్‌లో కొద్దిగా ఉన్న పరాయి లోహం ఎక్కడైనా తన వేగంతోనే పడుతుంది. కరెంటు తక్కువ ఉన్నచోట బంగారం నెమ్మదిగా పడుతుంది కాబట్టి అక్కడ దాని వాటా పెరుగుతుంది. ఎరుపు రంగు ఇచ్చే పరాయి లోహం, ఇత్తడి క్లిప్పుల మధ్య, రాగి తప్ప ఇంకేముంటుంది?

కాబట్టి ఒక రోగం కాదు, రెండు. ఆయన, నేను ఇద్దరం రెండింటికీ కలిపి ఒకే మందు వెతికాం.

బంగారం లెక్క

ఆయన కరెంటు, టైము రాసుకోలేదు. కానీ బాగుచేసిన ప్రతి పెన్నుకూ ఫోనులో ఫొటో తీసుకున్నారు. ఇద్దరం కూర్చుని గ్యాలరీ వెనక్కి జరుపుకుంటూ లెక్కపెట్టాం. 64 పెన్నులు. ఒక్కో పెన్నుకు క్లిప్పు, రింగు కలిపి సుమారు 8 చదరపు సెంటీమీటర్లు. కరెంటు 25 మిల్లీయాంపియర్లు, మూడు నిమిషాలు. అంటే పెన్నుకు 75 మిల్లీయాంపియర్-నిమిషాలు, మొత్తం 4,800.

సల్ఫైట్ బాత్‌లో బంగారం ఒక ఎలక్ట్రాన్ తీసుకుని పూతగా పడుతుంది. ఫారడే నియమం ప్రకారం ఒక యాంపియర్-నిమిషానికి ఎంత బాగా పనిచేసినా 122.5 మిల్లీగ్రాములకు మించి పడదు. 4.8 యాంపియర్-నిమిషాలకు 588 మిల్లీగ్రాములు. ఇది గరిష్ఠం. పెన్నుకు 9 మిల్లీగ్రాములు. 8 చదరపు సెంటీమీటర్ల మీద ఒక మైక్రాన్ మందం కావాలంటే 15 మిల్లీగ్రాములు పైన కావాలి, కాబట్టి ఆయన పూత అర మైక్రాన్ పైచిలుకు. పెన్ను క్లిప్పుకు అది బాగానే సరిపోతుంది.

ఇక క్లిప్పుకు అంటుకుని బయటికి పోయే చుక్కలు. షాపుల్లో డ్రాగ్ అవుట్ అంటాం. పెన్నుకు 0.2 మిల్లీలీటర్లు వేసుకున్నా 64 పెన్నులకు 13 మిల్లీలీటర్లు, సుమారు 100 మిల్లీగ్రాముల బంగారం. ఆయన నేరుగా కుళాయి కింద కడిగేవారు, కాబట్టి అది సింకులోకి పోయింది. నిమ్మ ఉప్పు కప్పులో 170 మిల్లీగ్రాములు. నా కార్బన్‌లో 80.

4 గ్రాములకు ఒక గ్రాము కలిపి, ఇవన్నీ తీసేస్తే 4 గ్రాములకు కొంచెం పైనే మిగలాలి. అంటే కొత్త సీసాలో ఉన్నంత బంగారం ఇప్పటికీ ఉండాలి. కాగితం మీద ఆ అంకె చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నేను పోసిన గ్రాము ఊరికే కూర్చున్నదా?" అన్నారు. ఊరికే కాదు సార్, సీసాలోనే భద్రంగా ఉంది అన్నాను.

లెక్కను నమ్మి ఊరుకోలేదు. 5 మిల్లీలీటర్లు ల్యాబ్‌కు పంపాం. లీటరుకు 7.9 గ్రాముల బంగారం, 140 మిల్లీగ్రాముల రాగి. బీకరులో 480 మిల్లీలీటర్లు ఉంది కాబట్టి బంగారం 3.8 గ్రాములు. లెక్క ప్రకారం ఉండాల్సిన దానికి పావు గ్రాము పైచిలుకు తక్కువ. అది ఎక్కడికి పోయిందో బీకరు ఖాళీ చేసినప్పుడు కనిపించింది. గాజు అడుగున వంగపండు రంగు పొర, అంచుల వెంట సన్నటి నల్ల మడ్డి. చాలా సన్నటి బంగారం రేణువులు నీళ్ళలో ఊదా రంగులో కనిపిస్తాయి. బాత్ తనంతట తాను బంగారాన్ని వదిలేయడం మొదలుపెట్టింది. అంటే దాన్ని పట్టుకునేది తగ్గిపోయింది.

సల్ఫైట్

సల్ఫైట్‌కు గాలి పడదు. గాలిలో ఆక్సిజన్ తగిలితే సల్ఫేట్‌గా మారిపోతుంది, సల్ఫేట్ బంగారాన్ని పట్టుకోదు. యానోడ్ దగ్గర కూడా కొంత ఇలాగే ఖర్చవుతుంది. ఈయన బాత్‌లో స్టిరర్ ఎంత వేగంగా తిరుగుతోందంటే మధ్యలో సుడిగుండం పడి గాలి లోపలికి లాగుతోంది. పూత మూడు నిమిషాలే అయినా, హాట్‌ప్లేటు మీద మూత లేకుండా మధ్యాహ్నమంతా ఉంచేవారు. పని అయ్యాక సగం ఖాళీగా ఉన్న పెద్ద సీసాలో పోసేవారు. మూడు చోట్లా గాలే.

సల్ఫైట్ ఎంత ఉందో కొలవడానికి అయోడిన్‌తో టైట్రేషన్ చేశాను, అంటే ఎంత అయోడిన్ పడుతుందో చుక్కలు వేసి చూశాను. 0.1 నార్మల్ అయోడిన్ ఒక మిల్లీలీటరు 6.3 మిల్లీగ్రాముల సోడియం సల్ఫైట్‌తో సరి. ఒక మిల్లీలీటరు బాత్‌కు 3.65 పట్టింది, అంటే లీటరుకు 23 గ్రాములు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్కో బంగారం పరమాణువు రెండు సల్ఫైట్లను పట్టుకుని ఉంటుంది. లీటరుకు 8 గ్రాముల బంగారానికి సుమారు 10 గ్రాముల సోడియం సల్ఫైట్ అలా కట్టుబడి ఉంటుంది, అయోడిన్ దాన్నీ తినేస్తుంది. కాబట్టి కట్టుబడకుండా విడిగా ఉన్నది 13 గ్రాములే. సీసాతో వచ్చిన కాగితం 40 ఉండాలంటోంది.

పీహెచ్ 7.9. కాగితంలో 9 నుంచి 9.5. సల్ఫైట్ రంగులను వెలవెలబోయేలా చేస్తుంది కాబట్టి రంగు పట్టీలను నమ్మకుండా పీహెచ్ 7, 10 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకున్న మీటర్‌తో కొలిచాను. పీహెచ్ తగ్గడానికి కారణం ఆయన పని తీరులోనే దొరికింది. క్లిప్పును పలచటి ఆసిడ్‌లో ముంచి, ఒక్కసారి నీళ్ళలో జాడించి, అదే తడితో బాత్‌లో పెట్టేవారు. 64 సార్లు కొంచెం కొంచెంగా ఆసిడ్ వెళ్ళింది.

రాగి ఎక్కడి నుంచి?

దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, బల్ల మీదే ఉంది. పెన్ను క్లిప్పును పట్టుకునే వైరు చివరి క్రోకడైల్ క్లిప్ పళ్ళ మీద ముదురాకుపచ్చ పొర గట్టిగా పట్టి ఉంది. దాని రాగి తీగ మీద, సొల్యూషన్ మట్టం ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి గీత గీసినట్టు ఉంది. గీత కింద తీగ ఎర్రగా, కడిగినట్టు, పైన మామూలుగా. ప్రతిసారీ ఆ మేరకు తీగ మునుగుతోంది. పైగా క్లిప్పును ముందు ముంచి, తరువాత తీరిగ్గా పవర్ ఆన్ చేసేవారు. కరెంటు లేనంతసేపూ ఇత్తడి నుంచి రాగి కొంచెం కొంచెం కరుగుతూనే ఉంటుంది. కరెంటు ఆన్‌లో ఉండగానే ముంచాలి. ఒక రింగు బాత్‌లో పడిపోయి రెండు రోజుల తరువాత దొరికిందట కూడా.

సరిచేసిన తీరు

ముందు వడగట్టాం. నల్ల మడ్డి ఉన్న ఫిల్టర్ పేపర్, కార్బన్, నిమ్మ ఉప్పు కప్పు అడుగు, అన్నీ ఒకే డబ్బాలో. పాతబస్తీలో తెల్లవారుజామున బంగారం షాపుల ముందు మట్టి ఊడ్చుకుని, కడిగి బంగారం తీసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మట్టినే వదలనప్పుడు మనం ఈ కాగితాలను ఎందుకు వదలాలి?

తరువాత పీహెచ్. సల్ఫైట్ కంటే ముందు ఇదే ఎందుకంటే, పీహెచ్ తక్కువ ఉన్నంతసేపూ ఎంత సల్ఫైట్ వేసినా బాత్ నిలకడగా ఉండదు. 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ నీళ్ళు చుక్కచుక్కగా, మెల్లగా తిప్పుతూ, 9.2 దాకా తెచ్చాం.

సల్ఫైట్ లోటు లీటరుకు 27 గ్రాములు, 480 మిల్లీలీటర్లకు 13 గ్రాములు. మొత్తం ఒకేసారి వేయలేదు. ల్యాబ్ గ్రేడ్ సోడియం సల్ఫైట్ 6 గ్రాములు, గోరువెచ్చటి డీఎం వాటర్‌లో (లవణాలు తీసేసిన నీళ్ళు) కరిగించి కలిపి, ఒక క్లిప్పు చేసి చూశాం. బంతి మీద మాడడం సగం తగ్గింది. మిగతా 7 గ్రాములు మర్నాడు. అప్పుడు పూర్తిగా పోయింది, 25 మిల్లీయాంపియర్ల దగ్గరే. బంగారం ఒక్క మిల్లీగ్రాము కూడా కలపలేదు.

నమ్మకం కోసం ఒక పరీక్ష ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేశాను. 5 సెంటీమీటర్ల చదరపు ఇత్తడి రేకుకు నికెల్ పూత పెట్టి, వెనకవైపు టేపు వేసి, 75 మిల్లీయాంపియర్లు పది నిమిషాలు. బరువు 92 మిల్లీగ్రాములు పెరగాలి. సరిచేయకముందు తుడిచాక 61 పెరిగింది. సరిచేశాక 88. మిల్లీగ్రాము చూపించే చిన్న తక్కెడ ఉంటే ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. బాత్ ఆరోగ్యం గురించి రంగు కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

రాగి దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. తక్కువ కరెంటుతో పాత రేకు మీద రాగిని లాగేయడం షాపుల్లో మామూలు పద్ధతి. కానీ గోల్డ్ బాత్‌లో రాగితోపాటు బంగారమూ పడుతుంది. ఇక్కడ ఉన్న రాగి మొత్తం 67 మిల్లీగ్రాములు. దాన్ని తీయడానికి అంతకు ఎన్నో రెట్ల బంగారం ఆ రేకు మీదికి పంపాలి. లాభం లేదు. అందుకని రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, రాగి వచ్చే దారులు మూసేయడం. టైటానియం కొక్కేలు, తీగ మట్టానికి పైనే, ఇత్తడి మీద ముందు పలచటి నికెల్ పూత. నికెల్ ఉంటే రాగి బాత్‌లోకీ రాదు, తరువాతి సంవత్సరాల్లో బంగారం పూతలోకీ ఎగబాకదు. రెండు, పాత బాత్‌ను కింది పూతకే ఉంచి, పైన రంగు కోసం 100 మిల్లీలీటర్ల కొత్త బాత్ చిన్న కప్పులో పెట్టడం. అందులో 40 సెకన్లు, రెండు మిల్లీగ్రాముల పూత. అంతకుముందు తప్పకుండా బాగా కడగాలి. మడతలోని ఎరుపు పై పూత కింద దాగిపోతుంది, పాత బాత్‌లోని రాగి ఒక్కో పెన్నుతో కొంచెం కొంచెంగా బయటికి పోతుంది.

నీళ్ళు

ఆయన ఆవిరైన నీటికి బదులు ఇంట్లో ఆర్‌వో నీళ్ళు పోసేవారు, కడగడానికి బోరు నీళ్ళు. హైదరాబాద్ బోరు నీళ్ళు ఎంత గట్టివో గీజరు కాయిల్ మీద తెల్ల పొర చూసినవాళ్ళందరికీ తెలుసు. ఆ సున్నం సల్ఫైట్‌తో కలిసి కరగని తెల్లటి కాల్షియం సల్ఫైట్‌గా మారి బాత్‌లో మబ్బు పట్టిస్తుంది, పైగా సల్ఫైట్‌ను తినేస్తుంది. నేను మొదటి రోజు మైనం అనుకున్న మసకలో కొంత ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు మూడు గిన్నెలు పెట్టించాను, మూడింటిలోనూ బ్యాటరీ షాపులో దొరికే డీఎం వాటర్, అదీ కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటర్ పెట్టి చూశాకే. ఆసిడ్ తరువాత రెండు గిన్నెలు. బంగారం తరువాత మొదట ముంచేది మూడో గిన్నె, దాని నీళ్ళు ఎప్పుడూ పారబోయకూడదు. అంటుకుని వచ్చిన బంగారం అందులో పోగవుతుంది. బీకరులో మట్టం తగ్గితే ఆ గిన్నె నీళ్ళే తిరిగి పోయాలి. సింకులోకి పోయే బంగారం ఇలా ఇంట్లోనే తిరుగుతుంది.

సయనైడ్ సంగతి

మధ్యలో ఎవరో ఆయనకు సయనైడ్ గోల్డ్ సాల్ట్ చవగ్గా ఇప్పిస్తామన్నారట. 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్లు అనే వ్యాపారులు ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి సయనైడ్ బాత్‌లే ఈ పనికి ప్రధానం, నేను చూసే షాపుల్లోనూ ఉన్నాయి. అక్కడ గాలి లాగే ఏర్పాట్లు, వ్యర్థాల ట్రీట్‌మెంట్, శిక్షణ ఉన్న మనుషులు ఉంటారు. ఇంట్లో అవేవీ ఉండవు. ఆ రోజు నిమ్మ ఉప్పు చుక్కలు వేసిన కప్పులో సల్ఫైట్ కాకుండా విడి సయనైడ్ ఉండే బాత్ ఉండి ఉంటే, పైకి వచ్చేది అగ్గిపుల్ల ఘాటు కాదు, ప్రాణం తీసే హైడ్రోజన్ సయనైడ్. ఆయన కప్పు మీదికి వంగి వాసన చూశారు. ఈ మాట చెప్పేటప్పుడు నా ఒళ్ళు జలదరించింది. వద్దని గట్టిగా చెప్పాను, ఆయన విన్నారు.

సల్ఫైట్ బాత్ కూడా పాలు కాదు. ఆ ఘాటు ఆస్తమా ఉన్నవాళ్ళకు పడదు. కిటికీ తెరిచి, గ్లవ్స్, కళ్ళద్దాలతోనే చేయాలి. ఆ గిన్నెలు, ఆ చెంచాలు మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. నిమ్మ ఉప్పు డబ్బా ఆ గదిలోకే రాకూడదు.

ఇప్పుడు ఎలా ఉంది

బీకరుపై మూత, స్టిరర్ సుడి పడనంత నెమ్మదిగా, పని అవగానే మెడ దాకా నిండే చిన్న సీసాల్లోకి సొల్యూషన్. ఒక గళ్ళ నోట్‌బుక్. ప్రతి పెన్నుకు తేదీ, మిల్లీయాంపియర్లు, నిమిషాలు, కింద మిల్లీయాంపియర్-నిమిషాల మొత్తం. ఆ మొత్తం 3,300 చేరినప్పుడు 400 మిల్లీగ్రాముల బంగారం వాడినట్టు, అంటే బాత్‌లో పదో వంతు. రీప్లెనిషర్ 8 మిల్లీలీటర్లు కలపాల్సింది అప్పుడే, రంగు చూసి కాదు. సల్ఫైట్, పీహెచ్ మాత్రం బంగారంతో సంబంధం లేకుండా నెలకోసారి చూడాలి, ఎందుకంటే బాత్ వాడకపోయినా అవి తగ్గుతూనే ఉంటాయి.

మూడు నెలల తరువాత మళ్ళీ ల్యాబ్‌కు పంపితే రాగి 140 నుంచి 95కి దిగింది. విడి సల్ఫైట్ లీటరుకు 40 గ్రాముల నుంచి 31కి వచ్చింది, ఎండాకాలం కదా, 4 గ్రాములు కలిపాం. నోట్‌బుక్‌లో మొత్తం 2,150 దగ్గర ఉంది. బంగారం ఇంకా కలపలేదు.